కోర్టు కేసుకి వాట్సాప్, మెయిళ్లు వెతకడం: నాలుగు మాటలు కొట్టి ఊరుకుంటే ఏం పోతుంది

ఒకప్పుడు వ్యాపార గొడవ కోర్టుకెక్కితే కాగితాలు బీరువాలో ఉండేవి. ఇప్పుడు ఫోన్లో ఉంటున్నాయి. పలాసలో జీడి ఫ్యాక్టరీ అయినా, టెక్కలిలో గ్రానైట్ క్వారీ అయినా, విజయనగరంలో హోల్‌సేల్ కొట్టు అయినా అంతే. ఆర్డరు ఫోన్ కాల్లో, రేటు వాట్సాప్‌లో, బిల్లు మెయిల్లో, లారీ ఎక్కడిదాకా వచ్చిందన్నది వాయిస్ మెసేజ్‌లో. తీరా కేసు పడ్డాక ప్లీడరు గారు "దీనికి సంబంధించినవన్నీ తీసి పట్టుకురండి" అంటారు. అప్పుడు మనలో ఎక్కువమంది చేసేది ఒకటే. సెర్చ్ బాక్సులో తోచిన మూడు నాలుగు మాటలు కొట్టి, వచ్చినవి ప్రింటు తీయించి, ఫైలు కట్టి ఇచ్చేయడం.

ఈ పద్ధతి మీద నాకు గట్టి అభ్యంతరమే ఉంది. మాటలతో వెతకడం తప్పని కాదు, వేల మెసేజ్‌లు కూర్చుని చదివే ఓపిక, టైము ఎవరికీ ఉండవు కాబట్టి ఏదో ఒక మాటతోనే మొదలుపెట్టాలి. తప్పు ఎక్కడంటే, మనకి తోచిన మాటే అవతల రాసినవాడికీ తోచి ఉంటుందని అనుకోవడంలో. మెసేజ్ రాసేటప్పుడు గొడవ లేదు, కేసు లేదు, వాడు తన గోడౌన్లో నిలబడి తనకి అలవాటైన మాటల్లో రాశాడు. మనమేమో కేసు పడ్డాక, నోటీసులో ఉన్న భాషతో వెతుకుతాం. ఈ రెండు భాషలూ కలవవు.

ఒక కేసు ఊహించుకుందాం. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ, విజయనగరంలో ఒక హోల్‌సేల్ వ్యాపారి. ఒప్పందం డబ్ల్యూ 240 గ్రేడుకి, అంటే పౌనుకి 220 నుంచి 240 దాకా తూగే పూర్తి గుండు పప్పుకి. వచ్చిన సరుకు బాగోలేదని వ్యాపారి 18 లక్షలు ఆపేశాడు. ఫ్యాక్టరీ ఆయన డబ్బు కోసం దావా వేశాడు. ఇప్పుడు వ్యాపారి తరఫున ఆఫీసులో కుర్రాడు ఫోన్లు ముందేసుకుని "నాణ్యత", "క్వాలిటీ", "డ్యామేజ్", "కంప్లయింట్" అని వెతికాడు. ఒక ఇరవై ముప్పై మెసేజ్‌లు వచ్చాయి, అందులో సగం కొత్త సంవత్సరం శుభాకాంక్షల ఫార్వర్డులు, మిగతావి వేరే పార్టీలవి. ఈ కేసుకి పనికొచ్చేది ఒక్కటీ లేదు. "ఫోన్లో ఏమీ లేదు సార్" అని చెప్పేశాడు.

అదే ఫోన్లో, సరుకు దిగిన రోజు సాయంత్రం గోడౌన్ మేస్త్రీ పంపిన మెసేజ్ ఇలా ఉంది: "ఏటి బాబూ, ఈ బండిలో గుండు కన్నా బద్దే ఎక్కువుంది, మెత్తబడిపోనాది కూడా, ఏటి సేద్దాం?" దాన్ని వ్యాపారి ఫ్యాక్టరీ సూపర్‌వైజరుకి ఫార్వర్డు చేశాడు. అవతలి నుంచి జవాబు: "ఈపాలికి సర్దుకోండి, వచ్చే బండికి సూసుకుందాం."

గుండు అంటే పూర్తి పప్పు, బద్ద అంటే రెండుగా విడిపోయినది. కేసంతా ఆ రెండు మెసేజ్‌లలోనే ఉంది. మొదటిది సరుకు దిగిన రోజే లోపం కనిపెట్టారని చెబుతుంది, రెండోది ఫ్యాక్టరీ మనిషి దాన్ని కాదనలేదని చెబుతుంది. రెండింటిలోనూ "నాణ్యత" లేదు, "క్వాలిటీ" లేదు, ఆ మాటకొస్తే "జీడిపప్పు" అన్న మాట కూడా లేదు. ఏ సరుకు గురించి మాట్లాడుకుంటున్నారో వాళ్లిద్దరికీ తెలుసు కాబట్టి పేరు చెప్పాల్సిన పని పడలేదు.

1985లోనే తేలిన సంగతి

ఇది మన దగ్గరే ఉన్న ఇబ్బంది కాదు. అమెరికాలో డేవిడ్ బ్లెయిర్, మారన్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక రైలు ప్రమాదం తాలూకు పెద్ద దావా అది, సుమారు 40 వేల డాక్యుమెంట్లు, మూడున్నర లక్షల పేజీలు. అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి ఐబీఎం వాళ్ల స్టెయిర్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో వెతికారు. లాయర్లకి అనుభవం ఉంది, వెతికిపెట్టే సిబ్బందికి సాఫ్ట్‌వేర్ బాగా తెలుసు, చాలడం లేదంటే మాటలు మార్చి మార్చి మళ్లీ వెతికించుకున్నారు. కావాల్సినవాటిలో కనీసం 75 శాతం దొరికాయని లాయర్లు తృప్తి పడ్డాకే ఆపారు. పరిశోధకులు మిగిలినవాటిలోంచి నమూనాలు తీసి లెక్క కడితే, దొరికింది సగటున 20 శాతమే.

నన్ను ఈ అధ్యయనంలో ఎక్కువగా పట్టుకున్నది ఆ 20 శాతం కాదు. లాయర్లు 75 అని నమ్మడం. వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది, దొరికినవి బాగానే ఉంటాయి, దాంతో మిగతావి లేవనిపిస్తుంది. దొరకనిది కంటికి కనిపించదు కదా, అది ఉందన్న అనుమానం కూడా రాదు.

ఎందుకు దొరకలేదో కూడా వాళ్లు చూశారు. జరిగినదాన్ని బాధితుల వైపు వాళ్లు ప్రమాదం అని రాస్తే, కంపెనీ వైపు వాళ్లు "ఘటన", "పరిస్థితి", "సమస్య", "ఇబ్బంది" అని రాసుకున్నారు. సాంకేతిక విషయాల్లో మరీ ఘోరం. ఒకరు "ట్రాప్ కరెక్షన్" అన్నదాన్నే ఇంకొకరు "వైర్ వార్ప్" అని, మరొకరు "షంట్ కరెక్షన్ సిస్టమ్" అని రాశారు. ఒక పేరు పట్టుకుని తవ్వుతుంటే ఇంకో పేరు బయటపడేది. బయటివాళ్లకి ఇవన్నీ ఒకటేనని ఎలా తెలుస్తుంది? గుండు, బద్ద సంగతి తెలియని హైదరాబాద్ లాయరుకి మన మేస్త్రీ మెసేజ్ ఎలా దొరకదో ఇదీ అంతే.

ఇక్కడ రెండు కొలతలు విడదీసుకోవాలి. దొరకాల్సినవాటిలో ఎన్ని దొరికాయన్నది ఒకటి, దాన్ని రీకాల్ అంటారు. దొరికినవాటిలో ఎన్ని పనికొచ్చాయన్నది ఇంకొకటి, దాన్ని ప్రెసిషన్ అంటారు. రీకాల్ కోసం మాటలు పెంచుకుంటూ పోతే చెత్త కూడా పెరుగుతుంది. ప్రెసిషన్ కోసం మాటలు బిగిస్తే అసలువి జారిపోతాయి. ప్రెసిషన్ తక్కువైతే మనకి తెలుస్తుంది, చదివే కళ్లు చెబుతాయి. రీకాల్ తక్కువైతే ఎవరూ చెప్పరు. అందుకే నేను రీకాల్ గురించే ఎక్కువ భయపడతాను.

తెలుగు మెసేజ్‌లైతే ఇంకా కష్టం

వెతికే సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఇంగ్లీషుని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. మన ఫోన్లలో ఉన్న భాషని అవి అందుకోలేవు, ఎక్కడెక్కడ జారిపోతాయో తెలిస్తే కొంతవరకు పట్టుకోవచ్చు.

మొదటిది, ఇంగ్లీషు అక్షరాలతో రాసే తెలుగు. "జీడి" అని రాయడానికి ఒకడు జె తర్వాత రెండు ఇ లు పెడతాడు, ఇంకొకడు ఒక్క ఐ పెడతాడు, మూడోవాడు జె బదులు జెడ్ వాడతాడు. "పంపించాను" అన్నదైతే ఎన్ని రకాలుగా రాస్తారో చెప్పలేం, ఒకే మనిషి పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా రాస్తాడు. ఒక మాటకి ఒక స్పెల్లింగు కొట్టి వదిలేస్తే మిగతావన్నీ పోయినట్టే. ముందు ఆ మనిషి మెసేజ్‌లు ఒక వంద ఊరికే చదవాలి, అతని స్పెల్లింగు అలవాటు తెలుస్తుంది, అప్పుడు వెతకాలి.

రెండోది యాస. మన ఉత్తరాంధ్ర వైపు "చూసుకుందాం" అన్నది నోట్లోనే "సూసుకుందాం" అవుతుంది, ఫోన్లో టైపు చేసేటప్పుడూ చాలామంది అలాగే రాస్తారు. "చేద్దాం" బదులు "సేద్దాం", "చెప్పినాను" బదులు "సెప్పినాను", "చాలా" బదులు "సానా". పుస్తకాల తెలుగులో వెతికితే మన జిల్లా మెసేజ్‌లు దొరకవు. వాయిస్ టైపింగ్ వాడేవాళ్ల దగ్గర మళ్లీ తిరగబడుతుంది, వాళ్లు "సేద్దాం" అన్నా ఫోను దాన్ని "చేద్దాం" అని దిద్దేయొచ్చు, లేదా ఏ సంబంధమూ లేని ఇంకో మాట పెట్టేయొచ్చు.

మూడోది విభక్తులు, సంధులు. దీని దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే చిన్న కిటుకుతో చాలా లాభం ఉంది. "డబ్బు" అని వెతికారనుకోండి. "డబ్బులు", "డబ్బుకి" దొరుకుతాయి, అది కూడా మాట మొదటి భాగం కలిస్తే చాలనుకునే సాఫ్ట్‌వేర్లో అయితేనే. పూర్తి మాట కలవాలనే రకమైతే అవి కూడా రావు. "డబ్బిస్తాను", "డబ్బొచ్చింది" మాత్రం ఎందులోనూ రావు, ఎందుకంటే చివరి ఉకారం పోయి దాని చోట ఇకారమో ఒకారమో వచ్చి కూర్చుంది, కంప్యూటరుకి అది వేరే మాట. కాబట్టి చివరి అచ్చు తీసేసి "డబ్బ" అని వెతకాలి, అప్పుడు అన్నీ వస్తాయి. కానీ జీడి వ్యాపారంలో పప్పు ప్యాక్ చేసేదే డబ్బాల్లో. "10 డబ్బాలు ఎక్కించాం", "డబ్బా నొక్కుకుపోయింది" అన్న ప్రతి మెసేజూ వచ్చి మీద పడుతుంది. అలాంటప్పుడు "డబ్బా" ఉన్నవాటిని తీసేయమని చెప్పాలనిపిస్తుంది, అది ఇంకా ప్రమాదం. "డబ్బాలు అందాయి, డబ్బు సోమవారం వేస్తాను" అన్న మెసేజ్ కూడా వాటితో పాటే పోతుంది. వద్దు అనే షరతు పెట్టేటప్పుడు, పోయినవాటిని కూడా ఒకసారి చూసి తీరాలి. దీనికన్నా దగ్గరలో ఉండాలనే షరతు నయం: "డబ్బ" అన్నదానికి ఐదారు మాటల దూరంలో "వేస్త" గానీ "పంప" గానీ "ఇస్త" గానీ ఉన్నవి ముందు చూపించమని. పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఈ సౌకర్యం ఉంటుంది. "డబ్బిస్తాను" లాంటి కలిసిపోయిన మాటలు ఈ షరతుకి కూడా దొరకవు, వాటిని విడిగా వెతుక్కోవాలి.

నాలుగోది, కంటికి కనపడని తేడాలు. "ఇన్వాయిస్" అని ఒత్తుతో రాసినదీ, "ఇన్‌వాయిస్" అని విడదీసి రాసినదీ మనకి ఒకటే, కంప్యూటరుకి కాదు, రెండోదానిలో కనిపించని అక్షరం ఒకటి మధ్యలో ఉంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని పట్టించుకోవు, కొన్ని పట్టుకుని కూర్చుంటాయి. వాడబోయే సాఫ్ట్‌వేర్ ఏ రకమో ముందే రెండు మాటలతో పరీక్షించి చూసుకోండి, అయిదు నిమిషాల పని.

ఇక అందరూ మర్చిపోయేది పాత ఫాంట్లు. కోర్టు దగ్గర డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అగ్రిమెంట్లు, నోటీసులు అను ఫాంట్లలో టైపు చేశారు. తెరమీద చక్కటి తెలుగు కనిపిస్తుంది, ఫైలు లోపల మాత్రం ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ, ఫాంటు వాటికి తెలుగు రూపం తొడిగింది అంతే. ఆ ఫైల్లో "ఒప్పందం" అని యూనికోడ్‌లో, అంటే ఇప్పుడు ఫోన్లలో వాడే తెలుగు అక్షరాలతో వెతికితే ఎన్నేళ్లు వెతికినా సున్నాయే. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, మార్చాక ఒత్తులు సరిగా వచ్చాయో లేదో ఒక పేజీ చదివి చూసుకోవాలి. కొన్ని పీడీఎఫ్‌ల సంగతీ అంతే, కాపీ చేసి పక్కన పేస్టు చేస్తే పిచ్చి గుర్తులు వచ్చాయంటే అందులో వెతుకులాట పనిచేయదని అర్థం.

ఫొటోల సంగతి చెప్పనక్కర్లేదు. తూకం చీటీ ఫొటో, సంతకం పెట్టిన చలానా ఫొటో, గోడ మీద సుద్దతో రాసిన బస్తాల లెక్క ఫొటో, వీటిలో వెతకడానికి అక్షరమే లేదు. అచ్చు అక్షరాలైతే ఓసీఆర్, అంటే ఫొటోలోని అక్షరాలని చదివే సాఫ్ట్‌వేర్, కొంత చదువుతుంది, చేతిరాత తెలుగుని నమ్మలేం. వాయిస్ మెసేజ్‌లూ అంతే. వాటికి మాటలతో పని లేదు, తేదీతో పట్టుకోవాలి. సరుకు దిగిన రోజుకి ముందు నాలుగు రోజులు, తర్వాత పది రోజులు, ఆ ముగ్గురు నలుగురి మధ్య వచ్చిన ప్రతి ఫొటో, ప్రతి వాయిసు ఒక మనిషి చూడాలి, వినాలి. విసుగు పనే, కానీ మన వైపు వ్యాపారాల్లో చాలాసార్లు అసలు సాక్ష్యం అక్కడే ఉంటుంది.

అంకెలు కూడా వెతకండి. బిల్లు నంబరు, లారీ నంబరు, చెక్కు నంబరు మాటలకన్నా నమ్మకమైనవి. మొత్తం సొమ్ము మాత్రం రకరకాలుగా రాస్తారు: 1,80,000 అని, కామాలు లేకుండా 180000 అని, 1.8 అని, "లక్షా ఎనభై" అని. అన్నీ కొట్టాలి. మనుషుల పేర్లూ అంతే, బిల్లు మీద ఉన్న పేరుతో ఎవరూ పిలుచుకోరు, ఫోన్లో "పెదబాబు", "శెట్టిగారు", "కాశీబుగ్గ పార్టీ" అని ఉంటుంది.

మాటలు ఎవరిని అడగాలి

దీనికి జవాబు అమెరికా కోర్టు ఒకటి 2009లోనే సూటిగా చెప్పింది. న్యూయార్క్‌లో బ్రాంక్స్ కోర్టు భవనం కట్టడంలో జాప్యం, లోపాల మీద దావా. నిర్మాణం చూసుకున్న సంస్థ మెయిళ్లలోంచి కేసుకి సంబంధించినవి తీయాలి. ఒక పక్షం ఇచ్చిన మాటలు మరీ ఇరుకు. అవతలి పక్షాలు వేల మాటలు ఇచ్చాయి, అందులో "జాప్యం", "లిఫ్టు", "బడ్జెట్", "కట్టు" లాంటివి ఉన్నాయి, బిల్డింగులు కట్టే కంపెనీ మెయిళ్లలో ఆ మాటలు లేనిది ఏముంటుంది, మొత్తం అన్నీ వచ్చేస్తాయి. జడ్జి ఆండ్రూ పెక్ ఇద్దరినీ మందలించి, మధ్యేమార్గంగా తానే మాటలు నిర్ణయించాల్సి వచ్చింది. ఆ మెయిళ్లు రాసినవాళ్లని అడగకుండా లాయర్లు గదిలో కూర్చుని మాటలు ఊహించడం కుదరదని, రాసినవాళ్లు ఏ మాటలు, ఏ పొట్టిపేర్లు వాడతారో కనుక్కుని, వచ్చిన ఫలితాన్ని పరీక్షించుకోవాలని ఆ తీర్పు సారాంశం. అదే జడ్జి 2012లో ఇంకో కేసులో, ఊహించి మాటలు ఇవ్వడాన్ని పిల్లలాడే "గో ఫిష్" పేకాటతో పోల్చారు. అవతలివాళ్ల చేతిలో ఏ ముక్కలున్నాయో తెలియకుండానే "నీ దగ్గర ఫలానా ఉందా" అని అడగడం.

మనకి దీన్ని అన్వయిస్తే, మాటల జాబితా ప్లీడరు గారి ఆఫీసులో కాదు, గోడౌన్లో తయారవ్వాలి. మేస్త్రీని, గుమాస్తాని, డ్రైవరుని కూర్చోబెట్టి అడగండి. "సరుకు బాగోలేదంటే మీరు ఏమంటారు?" అంటే అతను చెబుతాడు: బద్ద ఎక్కువుంది, పచ్చిగుంది, మెత్తబడింది, పుచ్చు, పురుగు, నల్లమచ్చ, తూకం తక్కువ. "డబ్బు అడగాలంటే ఎలా అడుగుతారు?" అంటే "పేమెంట్ ఏటైంది", "అకౌంట్లో ఏసినారా", "పాతది క్లియర్ సేయండి". ఇలా ఒక గంట మాట్లాడితే వచ్చే మాటలు, చట్టం పుస్తకాలు ఎన్ని తిరగేసినా రావు. అవతలి పక్షం మనుషుల మాటలు కూడా వీళ్లకే తెలుస్తాయి, రోజూ వాళ్లతో మాట్లాడింది వీళ్లే.

తర్వాత వెతకాలి, వచ్చినవి చదవాలి, చదువుతుంటే కొత్త మాటలు తగులుతాయి, వాటితో మళ్లీ వెతకాలి. కొత్త మాటలు రావడం ఆగేదాకా.

అప్పుడు అసలు పరీక్ష. దొరకని కుప్పలోంచి నమూనా తీయడం. లెక్క కోసం ఇలా అనుకుందాం: మొత్తం 60 వేల మెసేజ్‌లు, మన మాటలకి 3 వేలు దొరికాయి, చదివితే 1,800 పనికొచ్చేవి. మిగిలిన 57 వేలలోంచి యాదృచ్ఛికంగా, అంటే మనకి నచ్చినవి ఏరకుండా, 500 తీసి చదివాం. అందులో 10 పనికొచ్చేవి కనిపించాయి. 500కి 10 అంటే 2 శాతం. 57 వేలకి 2 శాతం 1,140. అంటే దొరికినవి 1,800, మిస్సయినవి సుమారు 1,140, రీకాల్ 61 శాతం. నమూనా చిన్నది కాబట్టి ఇది కచ్చితమైన లెక్క కాదు, మిస్సయినవి 550 నుంచి 2 వేల దాటి దాకా ఎన్నైనా ఉండొచ్చు, రీకాల్ 46 నుంచి 77 మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు. అయినా ఏమీ తెలియకపోవడం కంటే ఇది ఎంతో నయం. పైగా ఆ 10 మెసేజ్‌లు చదివితే మనం ఏ మాటలు వదిలేశామో అవే చెబుతాయి. 500 మెసేజ్‌లు చదవడానికి ఒక పూట పడుతుంది. ఆ ఒక్క పూట కేటాయించనివాళ్లు "అంతా వెతికాం" అని కోర్టుకి చెప్పకూడదని నా అభిప్రాయం.

ఇవ్వకూడనివి ఇచ్చేస్తే

వెతుకులాటకి రెండో వైపు కూడా ఉంది. క్లయింటుకీ ప్లీడరుకీ మధ్య నడిచిన మాటలకి చట్టం రక్షణ ఇస్తుంది, వాటిని అవతలి పక్షానికి ఇవ్వక్కర్లేదు. వాటిని వేరు చేయడానికి కూడా మాటలతోనే వెతుకుతారు. అమెరికాలో మేరీల్యాండ్ కోర్టు 2008లో విక్టర్ స్టాన్లీ కేసులో ఇచ్చిన తీర్పు దీని గురించే. ఒక కంపెనీ సుమారు 70 మాటలతో వెతికి రక్షణ ఉన్నవాటిని పక్కన పెట్టింది, అయినా 165 జారిపోయి అవతలివాళ్ల చేతికి వెళ్లాయి. వెనక్కి ఇవ్వమంటే జడ్జి పాల్ గ్రిమ్ ఒప్పుకోలేదు. ఆ మాటలు ఎవరు ఎంచారు, ఎందుకు ఎంచారు, నమూనా తీసి సరిచూశారా అంటే కంపెనీ దగ్గర సరైన జవాబు లేదు. మన దగ్గర వ్యాపారి ఫోన్లో ప్లీడరు నంబరు "సత్యం బావ" అని సేవ్ అయి ఉండొచ్చు, "అడ్వొకేట్" అని వెతికితే ఏం దొరుకుతుంది? పేరుతో కాదు, నంబరుతో వెతికి పక్కన పెట్టాలి.

మన చట్టం ఏమంటోంది

అమెరికాలోలా మనకి దీనికోసం విడిగా పెద్ద వ్యవస్థ లేదు, కానీ బాధ్యత లేదనుకోవద్దు. మామూలు సివిల్ దావాల్లోనే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 11 కింద అవతలివాళ్ల దగ్గరున్న డాక్యుమెంట్లు చూపించమని కోర్టుని అడగొచ్చు. 2015లో వచ్చిన కమర్షియల్ కోర్టుల చట్టం వ్యాపార వివాదాలకి ఆ ఆర్డర్ 11నే మార్చి గట్టి చేసింది. 2018 సవరణ తర్వాత 3 లక్షలు, ఆపైన విలువున్న వాణిజ్య వివాదాలకి ఇది వర్తిస్తుంది, మన 18 లక్షల జీడిపప్పు కేసు ఖాయంగా అందులోకే వస్తుంది. దాని ప్రకారం దావాకి సంబంధించి మన చేతిలో, మన అదుపులో ఉన్న డాక్యుమెంట్లన్నీ మొదట్లోనే చూపించాలి, మనకి అనుకూలమైనవైనా, వ్యతిరేకమైనవైనా. అన్నీ ఇచ్చామని ప్రమాణం చేసి చెప్పాలి. తర్వాత ఎప్పుడో దొరికిందని పట్టుకెళ్తే కోర్టు అనుమతి కావాలి, ముందే ఎందుకు ఇవ్వలేదో సరైన కారణం చూపించాలి. "సరిగా వెతకలేదు" అన్నది సరైన కారణం అని ఏ జడ్జి అయినా సులువుగా ఒప్పుకుంటారని నేననుకోను. గోడౌన్ మేస్త్రీ మెసేజ్ వాదనల రోజున బయటపడితే వ్యాపారి గెలవాల్సిన కేసు చేతులారా కష్టంలో పడినట్టే.

దొరికినదాన్ని కోర్టులో నిలబెట్టడం ఇంకో పని. వెనకటి సాక్ష్య చట్టంలో సెక్షన్ 65బీ ఉండేది. ఒరిజినల్ ఫోనో కంప్యూటరో కోర్టుకి తేకుండా ప్రింటో కాపీయో ఇస్తే సర్టిఫికెట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసులో చెప్పింది, మధ్యలో కొంత సడలింపు వచ్చినా 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో ముగ్గురు జడ్జీల బెంచ్ మళ్లీ అదే ఖాయం చేసింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో అది సెక్షన్ 63 అయింది. సర్టిఫికెట్ నమూనా చట్టంలోనే ఇచ్చారు, ఒక భాగం సమర్పించేవాళ్లు, ఇంకో భాగం నిపుణుడు నింపాలి, ఫైలు హాష్ విలువ కూడా రాయాలి. హాష్ అంటే ఫైలు మొత్తాన్ని లెక్కలోకి తీసుకుని కంప్యూటరు ఇచ్చే ఒక పొడవాటి గుర్తు, లోపల ఒక్క కామా మారినా ఆ గుర్తు మారిపోతుంది.

అందుకే వరస ముఖ్యం. గొడవ వచ్చిందని తెలియగానే ముందు డిసప్పియరింగ్ మెసేజ్‌లు ఆపేయాలి, ఫోను మార్చకూడదు, రీసెట్ కొట్టకూడదు, స్టాఫ్ అందరికీ చెప్పాలి. సాక్ష్యం కాకుండా చేయాలని చెరిపేయడం భారతీయ న్యాయ సంహిత కింద నేరం కూడా. తర్వాత కాపీ తీసి, హాష్ రాసుకుని, కాపీలోనే వెతకాలి. ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి ఫార్వర్డ్ చేసుకుని అక్కడ చూసుకోవడం చాలామంది చేస్తారు, దానివల్ల అసలు ఎవరు ఎప్పుడు పంపారన్న వివరం ఆ ఫార్వర్డ్‌లో మిగలదు.

మాటలు మనం ఇవ్వకుండా, కొన్ని డాక్యుమెంట్లు చదివి ఏవి పనికొస్తాయో గుర్తుపెడితే మిగతావి కంప్యూటరే ఏరిపెట్టే పద్ధతులూ వచ్చాయి. ఇందాక చెప్పిన 2012 తీర్పు, డా సిల్వా మూర్ కేసు, దానికి ఆమోదం ఇచ్చినదే. ఇంగ్లీషు మెయిళ్లు లక్షల్లో ఉన్న కేసులకి బాగుంటుంది. యాస, స్పెల్లింగు తేడాలు, ఫొటోలు, వాయిసులు కలగలిసిన మన కొన్ని వేల మెసేజ్‌లకి దాన్ని గుడ్డిగా నమ్మను. వాడినా సరే, దొరకని కుప్పలోంచి నమూనా తీసి చూడటం మాత్రం తప్పదు.

ఇంకొక్క పని, ఖర్చు లేనిది. ఏ ఫోన్లు, ఏ మెయిళ్లు వెతికారు, ఏ తేదీల మధ్య, ఏ మాటలతో, ఒక్కోదానికి ఎన్ని వచ్చాయి, ఎవరిని అడిగి ఆ మాటలు ఎంచారు, నమూనా ఎంత తీశారు, అందులో ఏం కనిపించింది, ఇవన్నీ ఒక కాగితం మీద తేదీలతో రాసి పెట్టుకోండి. రేపు బోనులో నిలబెట్టి "మీకు వ్యతిరేకంగా ఉన్నవి కావాలనే దాచారు కదా" అని క్రాస్‌లో అడిగితే, వ్యాపారి గుర్తున్నంతవరకు ఏదో చెప్పనక్కర్లేదు. ఆ కాగితం చూసి, ఫలానా రోజు మేస్త్రీని అడిగి ఫలానా మాటలతో వెతికామని చెప్పొచ్చు.